నక్కకు పెట్టిన పెళ్ళిభోజనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో భోజనానికి కూర్చున్న చుట్టం ఆకు ఖాళీ చేసి లేచాడంటే మా తాతయ్యకు తల కొట్టేసినట్టుండేది. కడుపు నిండాక కూడా ఆకులో ఇంకా మిగలాలి, అదీ మర్యాద. వద్దు వద్దంటూ చేతులు అడ్డం పెట్టినవాళ్ళ వేళ్ళ సందుల్లోంచే బూరె జారవిడిచేవారు. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ, అదంతా చివరికి ఎక్కడికి చేరేదో నాలా బుట్టలు మోసినవాళ్ళకే తెలుసు.

మా అక్క పెళ్ళయిన ఏడాదంతా ఇంటినిండా చుట్టాలే. తిన్న ఆకులన్నీ బుట్టకెత్తి, కొబ్బరితోట దాటి, పుంత దారి పక్కన పారబోసి రావడం నా పని. కొన్నాళ్ళకు అక్కడికో నక్క రావడం మొదలెట్టింది. మొదట్లో నన్ను చూడగానే చేలల్లోకి పరుగెత్తేది. రానురాను కాస్త దూరంలో కూర్చుని, నేనెప్పుడు వెళ్తానా అని చూసేది. ఈ కబురు విని తాతయ్య పొంగిపోయారు. పొద్దున్నే నక్క మొహం చూస్తే అదృష్టమని మా వైపు నమ్మకం. అలాంటిది నక్కే మా దొడ్డి వెతుక్కుంటూ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. "దానికీ పెళ్ళిభోజనమేనే" అంటూ తాతయ్య నా బుట్టలో ఇంకో నాలుగు బూరెలు వేయించేవారు.

మా పొలం అప్పటికే చేపల చెరువులైపోయింది. పుంత అవతల ఉన్న వరిచేను కౌలుకు చేసుకునే ఒకాయనది. ఆయన్ని నేను బాబాయి అని పిలిచేదాన్ని. రెండోకారు దాళ్వా పంట పొట్ట మీద ఉండగా, ఒకరోజు ఆయన మా అరుగు దగ్గరకొచ్చి తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు.

"ఎలకలు చేను కొరికేస్తన్నాయండి. ఎన్నడూ ఇంతిది లేదండి. తమరి తోటలో కూడా బోనులు పెట్టుకుంటానండి" అన్నాడు.

తాతయ్య చుట్టూ బంధువులున్నారు. "నువ్వు పడుకుంటే అవి లేచాయోయ్" అన్నారు తాతయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాబాయి కూడా నవ్వబోయి, "అంతేనండి" అని వెళ్ళిపోయాడు. బోనుల సంగతి మళ్ళీ అడగలేదు.

లోపల వడ్డనకు సర్దుతున్న మా మామ్మ ఆ మాటలు విన్నది. మర్నాడు పొద్దున్నే, నక్క గట్టు మీదే పడుకుని ఉంది, మొహం చూద్దురుగాని రండని తాతయ్యను ఆశపెట్టి బయల్దేరదీసింది. నన్నూ రమ్మంది. తీరా వెళ్తే అక్కడ నక్క లేదు. గట్టు మీద దాని పెంట మాత్రం ఉంది. మామ్మ ఒక పుల్ల తీసుకుని దాన్ని విడదీసింది. "ఏంటే ఈ అసహ్యం?" అని తాతయ్య కసిరారు. జీడిపప్పు పలుకులు, పులిహోరలోని శనగపప్పు, అరిటాకు పీచు బయటపడ్డాయి.

"మా పుట్టింటి దగ్గర గట్లమ్మట తిరిగేటప్పుడు చూసేదాన్నండి. దీన్లో ఎలకబొచ్చు, పీతడొప్పలు ఉండేవి. ఇప్పుడు ఒక్క వెంట్రుకైనా కనబడుద్దేమో చూడండి. ఎలకల్ని తినేదాన్ని మనం చుట్టాన్ని చేసి కూర్చోబెట్టాం. ఇంక ఆ ఎలకలు ఎవరి చేలో పడతాయి?" అంది మామ్మ.

అవతల చేలో బాబాయి వంగి, ఎలకలు కొరికి పడేసిన దుబ్బులు ఏరుతున్నాడు. మమ్మల్ని చూసి నడుం ఎత్తి దండం పెట్టాడు. తాతయ్య బదులుగా చెయ్యి ఎత్తబోయి ఎత్తలేకపోయారు. నేను మామ్మ వెనక దాక్కున్నాను. ముందురోజు నవ్విన నవ్వు గుర్తొచ్చి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రోజే తోటలో గొయ్యి తీయించి ఆకులు పూడ్పించారు. బోనులు కూడా తాతయ్యే తెప్పించి పెట్టించారు. భోజనాల దగ్గర అడిగి అడిగి, అడిగినంతే వడ్డించడం మొదలెట్టారు. ఆ ఇంటి మర్యాద తగ్గిపోయిందని చుట్టాలు చెవులు కొరుక్కున్నా తాతయ్య ఆ పద్ధతి మార్చలేదు. నక్క కొన్ని సాయంత్రాలు ఆ ఖాళీ చోటు వాసన చూసుకుంటూ తిరిగి, తరవాత చేలల్లోకి మళ్ళింది. కానీ అప్పటికే బాబాయి చేను సగానికి సగం పోయింది.

కోతలయ్యాక ఆయన ఎప్పటిలాగే మా ఇంటికి కొత్తబియ్యం తెచ్చాడు. ఏటా బుట్టతో తెచ్చేవాడు, ఈసారి తువ్వాలు కొసన చిన్న మూట కట్టుకొచ్చాడు. "ఈ ఏడు తక్కువేనండి, ఏమనుకోకండి" అన్నాడు మామ్మతో. తాతయ్య పడకకుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ఎదుట తాతయ్య లేచి నిలబడడం నేను అదే మొదటిసారి చూడడం.

"తప్పు మాదోయ్" అన్నారు.

ఆయన కంగారుపడిపోయాడు. "అయ్యో, ఎలకలకి తమరేం చేస్తారండి?" అన్నాడు.

మామ్మ ఆ బియ్యంతో పరమాన్నం వండింది. తాతయ్య మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి ఎండిపోయేదాకా ఆకు ముందే కూర్చున్నారు.

ఇప్పుడు నా జుట్టు కూడా నెరిసింది. పెళ్ళిళ్ళలో నిండు ప్లేట్లు వదిలేసి లేచేవాళ్ళను చూసినా, నా కంచంలోనే ముద్ద మిగిలినా, తువ్వాలు కొసన మూటతో ఆయన ఎదురుగా నిలబడతాడు. ఆ రోజు మమ్మల్ని నాలుగు మాటలని ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. పంట పోగొట్టుకున్న మనిషి తిరిగి మమ్మల్నే ఓదార్చాడు. ఆ ఓదార్పు ముందు ఈనాటికీ తల ఎత్తలేకపోతున్నాను.