చాముండేశ్వరి ఆంటీ ఆరు గంటల గ్లాసు

"స్టీల్ గ్లాసులో పోసుకోమంటున్నాను. అంత కష్టమా?"

"ఎవరికీ కనపడకుండా తాగేదాన్నైతే ఈ ఇరవై ఏళ్ళలో ఎప్పుడో తాగేదాన్ని. మీరంతా గరాజ్‌లో ఉన్నప్పుడు వంటింట్లో నన్ను చూసేవాళ్ళెవరు?"

"చాముండీ, బయట రాజేశ్వరమ్మ గారి కారు ఆగింది."

"ఆగనీండి. ఆవిడకీ ఒకటి పోస్తాను."

గరాజ్‌లో సంచిలోని ఐస్ గడ్డలు పగలగొడుతూ ఈ మాటలు విన్నాను. గరాజ్‌కీ వంటింటికీ మధ్య ఉన్న తలుపు సరిగ్గా పడదు. అమెరికాలోని ఈ ఇర్వింగ్‌లో, మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ తలుపు ఒక సరిహద్దు. ఇవతల మగవాళ్ళు, మడత కుర్చీలు, స్కాచ్. అవతల ఆడవాళ్ళు, పిల్లలు, నలభై మందికి వంట. వేయించిన పల్లీలూ చికెనూ ఇటు వస్తాయి. ఖాళీ ప్లేట్లు అటు వెళ్తాయి. అంతకుమించి రాకపోకలు లేవు.

నేను ఈ ఊళ్ళోనే లాస్ కొలీనాస్ దగ్గర ఒక హోటల్ బార్‌లో బార్‌టెండర్ని. కాలేజీ మధ్యలో మానేశాను. మనవాళ్ళు పొద్దున నన్ను చూపించి పిల్లలకు బుద్ధి చెప్తారు, సాయంత్రం నాకే ఫోన్ చేసి గరాజ్‌కి రమ్మంటారు. ఆ రోజు పిలిచింది ఆంజనేయప్రసాద్ అంకుల్. లోపల గొడవ పడుతున్నది ఆయనా, ఆయన భార్య చాముండేశ్వరి ఆంటీ.

అంకుల్ బాధ ఇదీ. ఆయన తెలుగు సంఘంలో వైస్ ప్రెసిడెంట్ పదవికి నిలబడ్డాడు. రాజేశ్వరమ్మ గారి పారాయణం గుంపులో అరవై కుటుంబాలున్నాయి, ఓట్లన్నీ ఆవిడ ఎటు చెప్తే అటు పడతాయి. అంకుల్ వారానికోసారి గరాజ్‌లో నాలుగు పెగ్గులు వేస్తాడని ఆ అరవై కుటుంబాలకూ తెలుసు. దానివల్ల ఓట్లు పోవు. ఆంటీ చేతిలో ఒక్క గాజు గ్లాసు కనిపిస్తే మాత్రం పోతాయి. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియదు గానీ, అందరూ ఒప్పుకున్న లెక్కే.

ఆంటీది నంద్యాల. ఎంసీఏ చదివి, పెళ్ళై ఇక్కడికి వచ్చింది. డిపెండెంట్ వీసా మీద పని చేయకూడదు కాబట్టి ఏడేళ్ళు సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవర్లో దాచి, కూతురు అనికను పెంచింది. ఆ తర్వాత కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం పని. ఆఫీసులో ఆవిడంటే హడల్ అట. ఇంట్లో మాత్రం ఇరవై ఏళ్ళుగా ఎవరి తప్పూ పట్టలేదు.

పోయినేడు కంపెనీ ఆవిడను పదకొండు వారాలకు ఇటలీలోని టొరినో పంపింది. ఒక్కతే వెళ్ళింది. అక్కడేం జరిగిందో ఆవిడ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. నాకే ఎందుకు చెప్పారని అడిగితే, "నువ్వెలాగూ చెడిపోయావు కదా నాన్నా, నీకు చెప్తే నాకేం నష్టం" అంది. నిజమే.

మొదటి వారం ఆఫీసు నుంచి నేరుగా గదికి పోయి ఆవకాయ అన్నం తినేదట. రెండో వారం ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఆ ఊళ్ళో వీధుల పొడుగునా కప్పులున్న నడవాలుంటాయి, ఊరంతటికీ కలిపి ఒకటే వసారా వేసినట్టు. తడవకుండా నడుస్తూ, రోజూ పొద్దున కాఫీ తాగే బార్ ముందుకొచ్చింది. కాఫీ అమ్మేదాన్ని బార్ అనడమే ఆవిడకు వింత. నంద్యాలలో బార్ అంటే నల్ల అద్దాలు, లోపలికి పోయేవాడు హెల్మెట్ తీయడు. ఇర్వింగ్‌లో అయితే హైవే ఎక్కి వెళ్ళాలి, తాగాక కారు నడపడానికి ఇంకొకడు కావాలి. ఇక్కడ వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఆరయ్యింది. పొద్దున కాఫీ కప్పులున్న కౌంటర్ మీద గ్లాసులొచ్చాయి, మనుషులు మాత్రం పొద్దుటి మనుషులే.

ఎనభై ఏళ్ళ ముసలావిడ కూరగాయల సంచి, కుక్కపిల్లతో వచ్చింది. నిలబడే ఒక ఎర్రటి డ్రింక్ తాగింది. ఉప్పులో ఊరేసిన ఆలివ్ కాయలు మూడు తింది. తన మోకాలి మీద చేయి వేసి చూపిస్తూ బార్ అతనికి ఏదో చెప్పుకుంది. ఇరవై నిమిషాల్లో సంచి తీసుకొని వెళ్ళిపోయింది.

"తూలలేదు, పాడలేదు, ఎవర్నీ ఏడిపించలేదు," అంది ఆంటీ. "ఇంటికెళ్ళి వంట చేసుకుంటుంది, అంతే. అలా కూడా తాగొచ్చని నాకెవరూ చెప్పలేదే."

మర్నాడు ఆరింటికి వెళ్ళి, అదే కావాలని ముసలావిడ గ్లాసు వైపు వేలు పెట్టి చూపించింది. అది వెర్ముత్. వైన్‌లో వేర్లూ ఆకులూ బెరళ్ళూ నానబెట్టి చేస్తారు, ఆ ఊరిదే. సోడా, ఐస్, ఒక నారింజ ముక్క. మెంతులు నానిన నీళ్ళలో బెల్లం పడ్డట్టుందట. యాభై ఒకటో ఏట ఆవిడ మొదటి గ్లాసు. ఆ తర్వాత రోజూ ఆరింటికి ఒకటి. రెండోది ఎప్పుడూ అడగలేదు. నాలుగో వారానికల్లా ఆవిడ గుమ్మంలో కాలు పెడుతుండగానే గ్లాసు కౌంటర్ మీదికి వచ్చేది.

"నేను అడక్కుండా నా ముందు ఒకరు ఏదైనా తెచ్చి పెట్టడం పెళ్ళైన తర్వాత అదే మొదటిసారి," అంది. నవ్వుతూనే అంది.

ఇర్వింగ్ తిరిగొచ్చాక, సాయంత్రం ఆరయ్యేసరికి ఆవిడకు ఆ గ్లాసు గుర్తుకు రావడం మొదలైంది. మొదట ఇంటి ముందు డ్రైవ్‌వేలో గ్లాసు పట్టుకొని నిలబడి చూసింది. మా ఊళ్ళో మనిషి ఇంటి బయట ఊరికే నిలబడడు. పావుగంటలో మూడు కార్లు ఆగాయి. ఒకరు తాళాలు మరిచిపోయారా అన్నారు. ఒకరు బ్యాటరీ డౌనైందా, జంపర్ కేబుల్స్ ఉన్నాయి అన్నారు. మూడో ఆవిడ, అంకుల్ ఏమైనా అన్నారా అని లోపలికి తొంగిచూసింది. ఊరికే సాయంత్రం కదా అని నిలబడ్డానంటే ఎవరూ నమ్మలేదు.

అప్పుడు పిలుపులు పెట్టింది. శుక్రవారం ఆరు నుంచి ఏడున్నర, ఆడవాళ్ళు మాత్రమే, నిలబడి ఒక గ్లాసు, కొంచెం చిరుతిండి, తర్వాత ఎవరింట్లో వాళ్ళు భోజనం. నలభై మందికి వండిపెట్టిన మనిషి, భోజనం లేకుండా పిలవడం ఊళ్ళో పెద్ద వార్తైంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. ఉద్యోగం పోయిందేమో అని కూడా అనుకున్నారు. పక్క వీధి లీలావతి ఆంటీ జాలిపడి పెద్ద ట్రేలో పులిహోర చేసుకొని బయల్దేరింది. అంకుల్ ఇదేదో తేడాగా ఉందని పసిగట్టి, తనకు తోడుగా అదే సమయానికి గరాజ్‌లో సిట్టింగ్ పెట్టుకున్నాడు. అందుకే నేనక్కడున్నాను, అందుకే ఆ గొడవ నా చెవిన పడింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. అంతకు గంట ముందు అంకుల్, ఆంటీ తెచ్చిపెట్టిన వెర్ముత్ సీసా చూపించి అసలిందులో ఏముంటుందని అడిగాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య అది కాబట్టి కాస్త గొప్పకు పోయాను. ముఖ్యమైన ఆకు మన మాచిపత్రి జాతిదే అంకుల్, వినాయకచవితి పూజలో మొదట వేసే పత్రి ఉందే, దాని చుట్టం అన్నాను. పదహారు శాతం ఆల్కహాల్ అని కూడా అన్నాను. ఆయన మొదటి ముక్క మాత్రమే విన్నాడు.

తొమ్మిది మంది ఆడవాళ్ళొచ్చారు. పిలిచింది ఆరింటికి కాబట్టి ఏడుంబావుకు వచ్చారు, రాగానే కుర్చీలు ఏవని అడిగారు. రాజేశ్వరమ్మ గారికి డెబ్బై ఏళ్ళు, భీమవరంలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠం చెప్పి రిటైరైంది. ఆంటీ గాజు గ్లాసు పట్టుకొని అందరి మధ్యా నిలబడింది. ఇదేంటమ్మాయ్ అని రాజేశ్వరమ్మ గారు అడిగింది. ఆంటీ నోరు తెరిచేలోపే అంకుల్ గరాజ్ తలుపు తోసుకొని వచ్చి చెప్పేశాడు.

"కషాయమండీ. మాచిపత్రి కషాయం. ఇటలీలో మన ఆయుర్వేదం లాంటిదే ఉంది. అరుగుదలకు మంచిది."

రాజేశ్వరమ్మ గారు చేయి చాపింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఘాటుగానే ఉందనీ, నరాలకు మంచి చేసే లక్షణం కనిపిస్తోందనీ తీర్పు చెప్పింది. ఇంకో ఎనిమిది చేతులు ముందుకొచ్చాయి. ఆ రాత్రి అంకుల్ ఓట్లు అరవైకి పైగా పెరిగాయి.

తర్వాతి శుక్రవారం పదిహేను మంది, ఆ తర్వాత ఇరవై. కషాయానికి నియమాలు పుట్టాయి. పరగడుపున తాగకూడదు, కాబట్టి ముందు పకోడీలు. ఐస్ వద్దు, గొంతు పట్టేస్తుంది. తూర్పు ముఖంగా కూర్చోవాలని కూడా ఎవరో అన్నారు. రాజేశ్వరమ్మ గారు కొలత కోసం మనవడి వెండి ఉగ్గుగిన్నె తెచ్చుకుంది. ఆ గిన్నె ఒక్కో శుక్రవారం మూడుసార్లు నిండేది. "కెమిస్ట్రీలో సగం డోస్ అనేది ఉండదమ్మా" అనేది. రెండో గిన్నె దగ్గర ఆవిడ తన భీమవరం ప్రిన్సిపాల్ నడక నడిచి చూపిస్తే ఇరవై మందీ పొట్ట పట్టుకొని నవ్వేవారు. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు భర్తలు వచ్చి డ్రైవ్ చేసేవారు. కషాయం కాస్త మత్తుగా ఉంటుందట, అందుకని.

అందరికీ తెలుసనే అనుకున్నాను. తెలిసి నటిస్తున్నారని, నటన కుదిరినంతకాలం ఎవరికీ నష్టం లేదని. తలుపుకు రెండు వైపులా ఒకటే పని జరుగుతోంది, ఒకవైపు స్కాచ్ అంటున్నారు, ఇంకోవైపు కషాయం అంటున్నారు. ఆంటీ ఒక్కతే సంతోషంగా లేదు. అందరికీ పోస్తుంది, తన చేతిలో మంచినీళ్ళు. మీరెందుకు తాగరని అడిగితే, నాకు జబ్బేం లేదుగా అంది.

మొన్న బుధవారం లీలావతి ఆంటీ ఫోన్ చేసింది. మనవడికి నాలుగేళ్ళు, వారం నుంచి దగ్గు. మీ కషాయం అరచెంచా పట్టమంటారా, తేనె కలపాలా అని అడిగింది. ఆవిడ నటించడం లేదు. ఇన్ని వారాలూ పూర్తిగా నమ్మి, కళ్ళు గట్టిగా మూసుకొని తాగింది.

చాముండేశ్వరి ఆంటీ వద్దని చెప్పింది. పిల్లలకు వేడి చేస్తుంది, పట్టకండి, డాక్టర్‌కి చూపించండి అంది. వద్దనడానికి కూడా అబద్ధమే ఆడింది. అంతవరకూ ఆ అబద్ధం అంకుల్‌ది.

గురువారం సాయంత్రం ఆరింటికి ఆవిడ నేను పనిచేసే బార్‌కి వచ్చింది. ఆఫీసు బ్యాడ్జి మెడలోనే ఉంది. టీవీల్లో బేస్‌బాల్ నడుస్తోంది. ఎత్తు కుర్చీలు పది ఖాళీగా ఉన్నా కౌంటర్ దగ్గర నిలబడింది. వెర్ముత్, సోడా, నారింజ ముక్క పెట్టాను. ముట్టుకోకుండా విషయమంతా చెప్పింది. లీలావతి ఆంటీకి ఫోన్‌లో చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాను.

"ఒక్కదానికి చెవిలో చెప్తే అది తప్పు చేసినట్టు చెప్పడమే అవుతుంది. తాగిన ఇరవై మందిలో ఇంకెవరింట్లో పిల్లల నోటికి చెంచాలు లేస్తున్నాయో నాకేం తెలుసు."

అంకుల్‌కి చెప్పారా అని అడిగాను. పొద్దునే చెప్పిందట. ఎలక్షన్ అయ్యేదాకా ఆగమన్నాడట, మూడు వారాలే కదా అన్నాడట. గెలిచాక తనే నెమ్మదిగా కషాయం అలవాటు మాన్పిస్తానని మాట కూడా ఇచ్చాడట. రాజేశ్వరమ్మ గారు పారాయణం గుంపులోంచి తీసేస్తుందేమో, ఇరవై ఏళ్ళుగా ఉన్న మనుషులు ఇంటికి రావడం మానేస్తారేమో, ఆయన ఓడిపోతే జీవితాంతం ఆ మాటే వినాలేమో. ఇవన్నీ ఆంటీ ఆఫీసులో బగ్గుల జాబితా చదివినట్టు వరసగా చెప్పింది. ఏదీ కొట్టేయలేదు.

తర్వాత గ్లాసు అందుకొని ఒక గుక్క తాగింది.

"శనివారం సంఘం మహిళా విభాగం మీటింగ్ మా ఇంట్లోనే. అందరూ వస్తారు. ఇది ఆల్కహాల్ అని, నేను టొరినోలో రోజూ తాగానని, నాకిష్టమని నేనే చెప్తాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. పని చేయడానికి కాదు సాత్విక్, ఊరికే రా. ఒక గ్లాసు పట్టుకొని నా పక్కన నిలబడు. నేను చెప్పాక ఎవరూ మాట్లాడకపోయినా, అందరూ లేచి వెళ్ళిపోయినా, నా గ్లాసు అయ్యేదాకా మాత్రం వెళ్ళిపోకు."