నీడకు వేసిన రంగు

మా చిన్నాన్న ముప్పై ఏళ్ళు మలేషియా రేవుపట్నం పోర్ట్ క్లాంగ్‌లో ఒక కంటైనర్ యార్డులో రంగులు వేశాడు. తుప్పు పట్టిన చోట గీకడం, ఎర్రటి అడుగు పూత పూయడం, దాని మీద పాత రంగులో కలిసిపోయేలా కొత్త రంగు వెయ్యడం, ఇదీ ఆయన పని. ఎండకీ ఉప్పుగాలికీ వెలిసిన నీలాన్ని డబ్బాలో ఉన్న నీలం అందుకోలేదు. ఆయన కొంచెం తెలుపు, కొంచెం ఆకుపచ్చ, ఒక్కోసారి ఒక చుక్క ఎరుపు కలిపి పుల్లతో తిప్పేవాడు. నలుపు మాత్రం ముట్టేవాడు కాదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక క్లాంగ్‌లోని మా ఇంట్లో అమ్మ, నేను, వెనక గదిలో ఆయన. నేను ఫారం టూ, అంటే ఎనిమిదో తరగతి, చదువుతుండగా ఒకరోజు యార్డు నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. ఏదో కంటైనర్‌లో నీళ్ళు దిగి పాడైన సరుకులోదట, పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. అట్ట లేదు. అంచులు ఉబ్బిపోయాయి. లోపలంతా యూరప్, అమెరికా చిత్రకారుల బొమ్మలు.

ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. బొమ్మ కింద ఉన్నది నేను చదివి, వచ్చినంత తెలుగులో చెప్పాలి. పేర్లు ఆయనకి నోరు తిరిగేవి కావు. తనే పేర్లు పెట్టుకున్నాడు. మనిషి ముఖాన్ని పలకలు పలకలుగా చేసిన క్యూబిస్టు 'ముక్కలాయన'. "ఫోర్క్‌లిఫ్టు గుద్దిన కంటైనర్ లాగుంది లా," అని, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర 'లా' చేర్చి, నవ్వేవాడు. గుడ్డను నేల మీద పరిచి దాని మీద రంగు చిలకరించిన అమెరికా ఆయన 'చిందులాయన'. "ఇది మా యార్డు నేల. దీన్ని గోడకి కట్టుకున్నారేటి?" అంటూనే ఆ పేజీని చాలాసేపు చూసేవాడు.

అందరికంటే ఇష్టమైనవాడు 'నీడలాయన'. ఆరుబయటి వెలుతురును గీసిన ఇంప్రెషనిస్టుల్లో ఒకడు. నదులు, పడవలు, చెట్లు గీశాడు.

"ఇలా రా. ఈ నీడ సూడు. ఏ రంగు?"

"నలుపు."

"కాదు. దగ్గరికొచ్చి సూడు."

చూస్తే నీలం, ఊదా, ఎక్కడో కాస్త ఎరుపు.

"నలుపు కలిపితే రంగు సచ్చిపోద్ది. నాకిది ఎవులూ సెప్పనేదు, పని సేసి తెలుసుకున్నాను. ఈయనకీ తెలుసు, సూసినావా?" అన్నాడు. యార్డులో ఆయన్ని పెద్ద పనివాడని ఎవరూ అనేవారు కాదు. ఎక్కడో పుట్టి ఎప్పుడో పోయిన ఒక మనిషి తనలాగే ఆలోచించాడన్న సంతోషం ఆ రోజు ఆయన ముఖంలో చూశాను.

నేను చదువుకుని సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనర్‌నయ్యాను. తెలుగు ఇంట్లో మాట్లాడేంతే మిగిలింది. ఆయన పని మానేశాడు. చక్కెర జబ్బు ఎప్పటి నుంచో ఉంది. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్తే కంటి వెనక పొరలో రక్తనాళాలు కారుతున్నాయని, లేజర్ వైద్యం తొందరగా చేయించాలని చెప్పి తారీఖు ఇచ్చారు. ఆ వారం నా ప్రాజెక్టు గడువు. తారీఖు మార్పించాను. రెండోసారి నన్ను ఆఫీసు పని మీద పెనాంగ్ పంపారు. మళ్ళీ మార్పించాను.

"సిన్నాన్నా, వచ్చే నెల తప్పకుండా ఎల్దాం," అన్నాను.

"పర్వానేదు తల్లీ. నీ పని సూసుకో," అన్నాడు.

ఆ వచ్చే నెల రాకముందే ఎడమ కంట్లో రక్తం దిగింది. ఆ కంటి చూపు పోయింది. కుడి కంటికి లేజర్ చేశారు. దాంతో బాగానే కనిపిస్తోందని ఆయన చెప్పాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

తర్వాతి ఏడాది కౌలాలంపూర్‌కి యూరప్ నుంచి కొన్ని అసలు చిత్రాలు ప్రదర్శనకి వచ్చాయి. వాటిలో నీడలాయనది ఒకటుందని తెలిసి ఆ శనివారం ఆఫీసు పని పక్కన పెట్టాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే తయారయ్యాడు. క్లాంగ్‌లో రైలెక్కాం. దారంతా నా మోచెయ్యి వదల్లేదు. మెట్లకి భయపడుతున్నాడేమో అనుకున్నాను.

ఆ బొమ్మ మా పుస్తకంలో లేనిది. నది, ఒడ్డున పడవ, వెనక చెట్లు. అడ్డంగా తాడు కట్టారు, ముందు జనం. ఆయన్ని దాని ఎదురుగా నిలబెట్టాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏమీ అనకపోతే ముఖం కేసి చూశాను. ఆయన చూపు బొమ్మ మీద లేదు. దాని పక్కనున్న తెల్ల గోడ మీద ఉంది.

"సిన్నాన్నా, నీకు కనిపిస్తందా?"

"సెప్పమ్మా, ఏటేటున్నాయో," అన్నాడు మెల్లగా. "ఎలుతురు తెలస్తంది. అంతే."

చెప్పడం మొదలుపెట్టాను. నది అన్నాను. పడవ అన్నాను. నీళ్ళు నీలం అన్నాను. "ఏ నీలం?" అన్నాడు. ఏ నీలమో నాకు తెలుగులో రాలేదు. నా ఆఫీసులో ప్రతి రంగుకీ ఒక అంకె ఉంది. ఆ అంకె ఆయనకెందుకు? "ఆకాశం లాంటిది," అన్నాను. "పొద్దుటిదా, మాపటిదా?" అన్నాడు. వెనకవాళ్ళు ముందుకు జరగమంటున్నారు. నా కళ్ళ నిండా నీళ్ళు.

"పడవ కింద నీడ?"

"నల్లగా ఉంది," అన్నాను.

"నలుపా?"

"అవును."

ఆయన తల ఊపాడు.

ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా కోసం వెళ్ళాను. తిరిగి వస్తుంటే జనం పల్చబడ్డారు. తాడు దగ్గరికెళ్ళి చూశాను. ఆ నీడలో నలుపు ఎక్కడా లేదు. ముదురు నీలం, నేరేడు పండు రంగు, నాచు పచ్చ ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. పరుగున వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"సిన్నాన్నా, తప్పు సెప్పినాను. నలుపు కాదు. నేరేడు పండు రంగు, నీలం..."

ఆయన నా చెయ్యి నిమిరాడు. "ఊరుకో తల్లీ. నా మనసు కోసం సెప్పకు. ముసలితనంలో ఆ నీడలాయనా మారిపోనాడేమో. ఎవులికి తెలుసు?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను మంచిదాన్నని, తన కోసం అబద్ధం చెబుతున్నానని అనుకున్నాడు. ఆయన్ని ఎలా నమ్మించగలిగేదాన్నో ఈనాటికీ నాకు తెలియదు.

తిరుగు రైల్లో ఇంక ఆపుకోలేకపోయాను. "ఆ రెండు సార్లు నాను తీసుకెల్లి ఉంటే నీ కళ్ళు ఉండేవి," అన్నాను.

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఒక్కడినీ టాక్సీ ఎక్కి ఎల్లలేనేటి? ముప్పై ఏళ్ళు ఒక్కడినే పోర్టుకి ఎల్లినాను. కంట్లో సూదో ఏటో ఎట్టేస్తారని నాకు బయం. నువ్వు వచ్చే నెల అన్నప్పుడల్లా లోపల సంతోషించినాను. నీతో సెప్పనేదు."

అది విని నాకు ఊరట కలగాలి. కలగలేదు. మేమిద్దరం చెరో పక్క నుంచి ఒకే తలుపు మూసినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆస్పత్రి తారీఖు ఒక్కటీ తప్పించలేదు. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి నేనే కారులో తీసుకెళ్ళేదాన్ని. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఎప్పుడైనా దారిలో బొమ్మల మాటెత్తితే ఆయన మాట మార్చేసేవాడు. అమ్మ వండిన చేపల పులుసు గురించో, ఎండ గురించో అడిగేవాడు.

ఆయన పోయిన రోజు పొద్దున మంచం పక్కన కూర్చుంటే నా మణికట్టు తడిమి చూశాడు.

"సన్నబడినావు. అన్నం తింటన్నావేటి?"

తింటున్నానని చెప్పాను. మధ్యాహ్నం దాటకముందే పోయాడు.