అమెరికా స్టూడియోలో నేను పాడిన పాట

అమెరికాలో రాక్ అండ్ రోల్ పుట్టిన పాత రికార్డింగ్ స్టూడియోను నేను చూసింది నిజమే. అక్కడి మైకులో పాడానని మాత్రం అరకు దారిలో అనంతగిరి దగ్గర ధింసా నాట్యం ఆడుతున్నవాళ్ల ముందు కోతలు కోశాను.

ధింసాకి ఊరికే చూసేవాళ్లంటూ ఉండరట. వచ్చినవాళ్లు వరుసలో కలవాల్సిందే. ముందున్న ముసలమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"బేగి రా బాబూ! ఆ అమెరికా పాటేటో నువ్వు పాడు, మేం ఆడతాం."

ఊరంతా నా నోటివంకే చూస్తోంది. పరువు పోయేలా ఉంది. నాకు పూర్తిగా వచ్చింది మా అమ్మ పాడే మంగళహారతి ఒక్కటే. దాన్నే ముక్కుతో, నోటితోనే గిటారు మోత కలిపి అందుకున్నాను. బ్రహ్మాండంగా ఆడారు.

"ఇది మా రామకోవెల్లో పాడేదే కదేటి బాబూ! అమెరికోళ్లు పట్టుకుపోనారేటి?" అంది ముసలమ్మ, పకపకా నవ్వుతూ.

"అవునమ్మా, ఇక్కణ్ణుంచే," అన్నాను.

రాక్ అండ్ రోల్ చరిత్ర ఎవరడిగినా ఇప్పుడు అరకు నుంచే మొదలుపెడుతున్నాను.