తడబడిన కూత

చెడుగుడులో నన్ను చేర్చుకున్న జట్టు ఓడిపోవడం ఖాయమని మా పాలకొల్లంతా ఎరుగును. అందుకే రెండు జట్లూ ఏకమై నన్ను తీర్పరిని చేశాయి. మూడో తరగతిలో బడి మానేసిన నాకు దక్కిన మొదటి ఉద్యోగం అదే.

అప్పట్లో మా ఊరికి పడవలే దారి. వేసవిలో కాలవ కట్టేశాక, ఎండిన ఇసుక మేట మీద మా దుకాణాలవాళ్లకూ చేపలు పట్టేవాళ్లకూ పోటీ జరిగేది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లను వీపున మోసి గట్టెక్కించాలి. రెండేళ్లుగా మోస్తున్నది చేపలవాళ్లే.

ఆ ఏడు చివరికి మా వైపు మా అక్క మొగుడు, అటువైపు వల వేసే మనిషి ఒకడు మిగిలారు. అతను కూత పెడుతూ వచ్చి బావను తాకి వెనుదిరిగాడు. బావ కాలు పట్టి లాగాడు. అతను బోర్లా పడి, నోటినిండా ఇసుకతో కూత తడబడుతూనే పాకి గీత అందుకున్నాడు.

"కూత తెగింది! చచ్చాడు!" అని బావ అరిచాడు.

నేను అతని పక్కనే వంగి చూస్తున్నాను. మాట తడబడింది గాని మళ్లీ ఊపిరి పీల్చలేదు. పీలిస్తేనే తెగినట్టు.

"తెగలేదు బావా. వంగు."

"ఇంటికి రా, మీ అక్కతో చెప్తాను!"

"అక్కకి నేనే చెప్తాలే. ముందు వంగు."

మావాళ్లంతా నా మీదికొచ్చారు. నేను గీత దగ్గర నుంచి కదలలేదు, మాట మార్చలేదు. చివరికి బావ వంగాడు.

గట్టెక్కాక, "నా పుణ్యాన మా బావ వీపెక్కావు, చూశావా?" అని అతన్ని ఆటపట్టించాను.

అతను దిగకుండానే అన్నాడు: "ఎక్కించింది నా ఊపిరండి. మీరు ఉన్నమాట చెప్పారంతే, దానికి పుణ్యమేంటండి?"