వెన్-త్సుంగ్‌కు దక్కిన ఊదా మెరుపు

పూలీ ఊళ్లో ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ గుమ్మంలో మనిషి కరుస్తాడో వెన్-త్సుంగ్‌కు కొట్టిన పిండి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గుమ్మాలకే ఉత్తరాలు పంచాడు. తల వంచి చిరునామాలు చదవడమే తప్ప, తలెత్తి దేన్నీ తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. మోకాలు మొరాయించి ఉద్యోగం మానేశాక తీరిక దొరికింది గానీ, దాన్నేం చేసుకోవాలో తోచలేదు. కొన్నాళ్లు ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. తర్వాత గియోక్-లాన్ అనే ముసలామె సేమ్యా కొట్టు ముందు చేరి, గిన్నెడు బియ్యపు సేమ్యాను గంటసేపు తినడం మొదలుపెట్టాడు.

గియోక్-లాన్‌కు డెబ్బై దాటాయి. ఒకరోజు కొట్టు పక్క పూలచెట్టు మీద నల్ల సీతాకోకచిలుక వాలింది.

"కదలకు తమ్ముడూ! నోట్లో ఉన్నది నమలకు కూడా" అంది.

అది రెక్క తిప్పగానే నలుపు మీద ఊదారంగు భగ్గున మెరిసి ఆరిపోయింది. వెన్-త్సుంగ్ నిజంగానే నమలడం మరిచిపోయాడు.

"ఇది ఇలా మెరుస్తుందని నీకెలా తెలుసక్కా?"

"పన్నెండో ఏట నుంచి పదేళ్లు కార్ఖానాలో వీటి రెక్కలు అట్టల మీద అతికించాను. మగాళ్లు పట్టుకొచ్చేవాళ్లు, ఆడపిల్లలం తుంచి బొమ్మలు చేసేవాళ్లం. లక్షల రెక్కలు నా వేళ్ల మీదుగా పోయాయి, ఒక్కటి ఎగరడం చూసింది లేదు. ఇప్పుడు చూస్తున్నాను."

అలా మొదలైంది. తెల్లవారగానే ఇద్దరూ కొండకింద వాగు దగ్గరికి చేరేవాళ్లు. తడి ఇసుక మీద గుంపుగా వాలి నీళ్లు తాగే సీతాకోకచిలుకల ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. అతను పాత కెమెరా ఒకటి కొన్నాడు. "పెళ్లిచూపుల్లో నన్ను అర నిమిషం చూడలేదు, పురుగుల్ని పూటంతా చూస్తాడు మహానుభావుడు" అని పెళ్లాం దెప్పేది. దెప్పుతూనే అన్నం డబ్బా కట్టిచ్చేది. అలా గడిచిన మూడేళ్లలో అతను మోకాలి నొప్పి గురించి మాట్లాడటం ఎవరూ వినలేదు.

ఒక్క ఊదా మెరుపు మాత్రం కెమెరాకు చిక్కలేదు. మీట నొక్కేసరికి ఉత్త నలుపే మిగిలేది.

"చిక్కకపోతే ఏం? కళ్లారా చూశావుగా" అనేది గియోక్-లాన్.

చూసింది చాలదనిపించడమే అతని ఖర్మ. మూడో ఏడు ఊరి కార్యాలయం వాళ్లు ఫొటోల పోటీ పెట్టారు. ఊళ్లో ఫొటోలు తీసేవాళ్ల సంఘంలో ఒకడు చెవిలో ఊదాడు: "సీతాకోకచిలుకను ఐస్ డబ్బాలో పది నిమిషాలు పెట్టు గురూ. చలికి బిగుసుకుని చెప్పినట్టు కూర్చుంటుంది. అందరూ చేసేదే." వెన్-త్సుంగ్ ఛీ అన్నాడు. వారం తిరక్కుండానే గియోక్-లాన్ జ్వరంతో పడుకుంది. అతను ఒక్కడే వాగుకు వెళ్లాడు, ఐస్ డబ్బాతో.

నల్ల సీతాకోకచిలుకను పట్టి డబ్బాలో పెట్టాక సూర్యుడికి మబ్బు అడ్డొచ్చింది. పది నిమిషాలు కాస్తా అరగంటైంది. ఎండ వచ్చాక దాన్ని పువ్వు మీద పెట్టి, రెక్కలు వేళ్లతో విప్పి, మెరుపు తగిలే వైపు తిప్పి మీట నొక్కాడు. దొరికింది! కానీ సీతాకోకచిలుక లేవలేదు. "ఎండ తగిలితే అదే లేస్తుందిలే" అని తనకు తానే సర్దిచెప్పుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఆ ఫొటోకే మొదటి బహుమతి. నిలువెత్తున అచ్చువేసి కార్యాలయం గోడకు తగిలించారు. గియోక్-లాన్ పండగ చొక్కా తొడుక్కుని చూడటానికి వచ్చింది. జనం చప్పట్లు కొడుతుంటే ఆమె కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. బయటికొచ్చాక అడిగింది.

"తర్వాత ఎగిరిందా?"

"నేనేం చేశానక్కా?" అన్నాడు వెన్-త్సుంగ్. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"సత్తువున్న రెక్క అలా పడి ఉండదు తమ్ముడూ. పదేళ్లు నా చేతుల్లో ఉన్నవి అలాంటి రెక్కలే."

అతని కళ్లు వాలిపోయాయి. "తిట్టక్కా."

"ఏ నోటితో తిట్టను? నేను తుంచినవాటికి అంతే లేదు. కానీ అప్పుడు మా ఇంట్లో అన్నానికి లేదు. నీకేం తక్కువైంది?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు కొట్టు తెరవకముందే అతను వెళ్లి నిలబడ్డాడు. "ఏమీ తక్కువ కాలేదక్కా. ఈ మూడేళ్లూ నాకు ఏ తక్కువా లేదు. ఆ సంగతి నువ్వడిగాకే తెలిసింది" అన్నాడు.

"నాకు ఎప్పుడో తెలుసు" అంది గియోక్-లాన్. బల్ల తుడిచి, గిన్నెలో సేమ్యా పెట్టి, ఎప్పటిలా కాస్త ఎక్కువే పులుసు పోసింది.

వాగుకు మాత్రం ఆ రోజు నుంచి ఆమె ఒక్కతే వెళ్తోంది.