రుచి చూడకుండా వండేదాన్ని

కోకాపేటలో ఆ ఆఫీసు ఇరవై రెండో అంతస్తులో ఉంది. అక్కడ రోజూ మధ్యాహ్నం భోజనం పెట్టే పని నాకు దొరుకుతుందా లేదా అన్నది ఆ రోజు నేను తీసుకెళ్లిన నాలుగు గిన్నెల మీద ఆధారపడి ఉంది. అంతకు ముందు నెలే నా భోజనం డబ్బాలు తీసుకునే పెద్ద ఆఫీసొకటి అందర్నీ ఇంటి నుంచే పని చేసుకోమంది. ఈ పని దొరికితే గచ్చిబౌలిలో నా వంటగది నిలబడుతుంది, లేకపోతే మూసేయడమే.

ఆరుగురు కూర్చున్నారు. పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పెద్దాయన నమలడం ఆపేశాడు. పక్కావిడ పులుసు రుచి చూసి నీళ్ల సీసా అందుకుంది. నేనింకా నవ్వుతూనే నిలబడి ఉన్నాను. మెచ్చుకోలుకు అలవాటు పడిన ముఖం అంత త్వరగా మారదు.

“మేడమ్, మీరొకసారి తిని చూడండి,” అన్నాడు భోజనాల వ్యవహారం చూసే ఆయన, ఎంతో మర్యాదగా. తిన్నాను. పప్పులో ఉప్పు రవ్వంత కూడా లేదు. పులుసు నోట పెట్టలేనంత ఉప్పు. పప్పులో పడాల్సింది కూడా దాంట్లోనే పడినట్టుంది. ఇది నేను వండిందేనా అని గిన్నె వంక చూశాను. గిన్నె నాదే.

నేనెందుకంత నివ్వెరపోయానో తెలియాలంటే నా వంట సంగతి చెప్పాలి. మా నాన్న బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. వంట పిచ్చి నాకు ఎనిమిదో ఏటనే పట్టుకుంది. మిగతా పిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నేను నాయనమ్మ పక్కన పీట వేసుకుని పోపు చిటపటలాడటం వింటూ కూర్చునేదాన్ని. దీనికి పుస్తకం కన్నా పొయ్యే ముద్దని అమ్మ తిట్టేది.

నాయనమ్మకు ఒక నియమం ఉండేది. దేవుడికి పెట్టకముందు వంట రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా? మూత తీసి, ఆవిరి ముఖానికి తగలనిచ్చి, వాసన పట్టేది. “ఉప్పు చాలకపోతే వాసన చప్పగా ఉంటుందే. ముక్కుకు నేర్పుకో,” అనేది. నేర్పుకున్నాను. పదో ఏడు వచ్చేసరికి మూత తీయగానే చెప్పేసేదాన్ని. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ గిన్నెలు తెచ్చి మరీ పరీక్ష పెట్టేవాళ్లు. ఒక్కసారీ తప్పలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఉండేది అనాలేమో.

పెద్దయ్యాక గచ్చిబౌలిలో ఒక కంపెనీలో చేరాను. మధ్యాహ్నం నా డబ్బా మూత తీస్తే నలుగురు చేరేవారు, నా వంతుకు పెరుగన్నం మిగిలేది. వాళ్ల కోసం రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టాను, అవి పది అయ్యాయి. మీటింగులో కూర్చుని కూడా రేపటి కూర గురించే ఆలోచిస్తున్నానని తెలిశాక ఉద్యోగం మానేసి, రెండు గదులు కిరాయికి తీసుకుని వంటగది పెట్టాను. నాయనమ్మ నియమం అక్కడా పెట్టాను. చిన్న గిన్నెలో దేవుడికి పెట్టి, డబ్బాలు కట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. ఒకావిడ అరచేతిలో చుక్క వేసుకుని నాకిందని అదే రోజు పనిలోంచి తీసేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

పోయిన చలికాలం జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. ఇంగువ డబ్బా ముక్కుకు ఆనించుకున్నా ఏమీ తెలియలేదు. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేతి కొలత ఉంది కదా అని ధైర్యం. పైగా డబ్బాలు పంపాక నేను తినే అన్నంలో అన్నీ సరిగ్గానే ఉండేవి. ముక్కు మొరాయించినా నా చెయ్యి తప్పదని మురిసిపోయాను.

అందుకే కోకాపేటలో అంత దెబ్బ తిన్నాను. “శుక్రవారం ఇంకోసారి తీసుకురండి. అప్పుడూ ఇలాగే ఉంటే ఇంక కష్టమండీ,” అన్నాడాయన. కిందికి దిగేలోపే నాకు అనుమానం మొదలైంది. ఎవరో ఏదో చేశారు. నాతో పనిచేసేది ఒక్కతే. బాలానగర్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చాలా ఏళ్లు వండిన మనిషి. కూతురి బడిలో రమ్మన్నారని ఆ రోజు సెలవు పెట్టింది. ఇన్ని నెలల్లో ఆమె రానిది ఆ ఒక్కరోజే. నేనూ ఆ రోజుకు డబ్బాలు ఆపేసి, ఆ నాలుగు గిన్నెలే వండుకుని వెళ్లాను.

మర్నాడు పొద్దున గుమ్మంలోనే పట్టుకుని జరిగింది చెప్పాను. సెలవుకు ముందు రోజు ఉప్పు డబ్బాలో ఏం కలిపి వెళ్లావని అడిగాను.

ఆమె చెప్పులు విప్పుతూ నా ముఖం చూసింది. “ఏం కలపలే అక్కా. నిన్న నేను లేను గదా, గందుకే గట్లయింది.”

“నువ్వు లేకపోతే ఏమవుతుంది?”

“రోజూ నేనే సరి జేస్తున్న. ఉప్పు తక్కువుంటె ఏస్తున్న. పులుసుల ఎక్కువుంటె జర నీళ్లు, బెల్లం ఏస్తున్న.”

ఎప్పటి నుంచి అన్నాను.

“నీకు జ్వరమొచ్చి లేసినప్పటి సంది. ఓ దినం పోపు మాడిపోతుంటె పక్కనే నిలబడ్డవ్, నీకు తెల్వనే లేదు. గప్పుడే నాకు ఎరుకైంది, నీకు వాసనొస్తలేదని. నువ్వు చెప్పలే, నేను అడగలే.”

“రుచి చూశావా?”

“చూసిన. నువ్వు దేవుని కాడికి చిన్న గిన్నె తీస్కపోయినంక, అరచేతిల ఏసుకోని.”

అంటే ఇన్ని నెలలూ సరైన వంట ఊరంతా తింది, దేవుడికి మాత్రం నా వంట పెట్టాను. “మరి దేవుడు తిన్నదేంటి?” అన్నాను.

“ఆయన ఏమనలే గదక్కా.”

నవ్వు రావాల్సిన మాటే. నాకు రాలేదు. మీ చేతి రుచి ఇంకెక్కడా దొరకదండీ అని ఒకాయన పంపిన మెసేజిని నేను ఈమెకే చదివి వినిపించాను. గిన్నెలు తోముతూ ఆమె అవునక్కా అంది. అది గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఇగ రేపటి సంది రావద్దంటవా?” అని అడిగింది. “ముందున్నామెను గిదే పనికి తీసేసినవంట.”

ఆ భయం పెట్టుకుని కూడా రోజూ రుచి చూసింది. పని మానొద్దన్నాను. శుక్రవారం నాతో పాటు కోకాపేటకు రావాలని కూడా చెప్పాను. ఆమె తలూపి, బెండకాయలు ముందేసుకుని, కత్తి చేతిలోకి తీసుకుని ఆగింది.

“ఆడ అడుగుతరు గదక్కా, వంట ఎవరు చేసిన్రని. ఏం చెప్పాలె?”

చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక్కటే, నేనే అని. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె తల వంచుకుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.