బొగ్గుకుప్ప ఆర్పిన చైనా గోళీలు

మా బామ్మర్ది రాజయ్యకు ప్రోస్టేట్ వాపు పాతబడింది. మంట, నొప్పి, ఊరికే మూత్రానికి పరుగు. డాక్టరు మాత్రలు ఇంకా ఉన్నాయి, ఓపికే అయిపోయింది. చంద్రపూర్‌లో ఎవరో చైనా మూలికల గోళీలు అమ్ముతున్నారని విని, మాత్రలు మానేసి అవి మొదలుపెడతానన్నాడు. నాకు అనుమానం. వెంట బయల్దేరాను.

పొద్దున ఎనిమిదిన్నరకు మహారాష్ట్రలోని మా బొగ్గుగనుల ఊరు ఘుగ్గుస్‌లో బస్సెక్కాం. ఎప్పుడంటే అప్పుడు దిగేందుకు రాజయ్య తలుపు దగ్గర కూర్చున్నాడు. వెనక సీట్లో నా పక్కన సంచీ పట్టుకుని ఒకాయన. ఆయనదీ అదే రోగం, పోయేదీ అదే దుకాణానికి. నా నాలుక ఊరుకుంటుందా?

"మా కాలనీల ఓ ముసలాయన ఆ గోళీలు మింగిండు. బొగ్గుకుప్ప అంటుకుంటే, ఫైరింజన్ వచ్చేలోపల ఒక్కడే ఆర్పిండు. బకెట్ గిట్ల ఏం పట్టుకపోలే!"

నవ్వుతాడనుకున్నాను. "అరె బాప్‌రే!" అని దండం పెట్టాడు.

చంద్రపూర్ బస్టాండు దగ్గర నేను అటుకుల పోహా మీద తర్రీ అనే ఎర్రటి కారం పులుసు పోయించుకున్నాను. కారం కూడదని రాజయ్య ఉత్త పోహా నమిలాడు. మేం దుకాణం చేరేసరికి సంచీ ఆయన డబ్బాతో బయటికి వస్తున్నాడు. అమ్మేవాడు తెలుగాయనే. డబ్బా మీద మాత్రం అన్నీ చైనా అక్షరాలు.

"ఇందుల ఏమున్నయ్?" అన్నాను.

"జడీబూటీ."

"ఏం జడీబూటీ?"

నన్నొదిలేసి రాజయ్య వైపు తిరిగాడు. "వాపు, మంట అన్నీ పోతయ్. మీ ఘుగ్గుస్‌లనే ఒక ముసలాయన బొగ్గుకుప్ప ఆర్పిండంట, తెల్వదా?"

రాజయ్య కళ్లు మెరిశాయి.

"అరే, అది పొద్దుగాల బస్సుల నేను పుట్టించిన ముచ్చటరా!"

"ఎన్నడన్న నిజం చెప్పినవా బావా, ఇయ్యాల చెప్తానికి?" అని డబ్బా కొన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. రాజయ్య డబ్బా మూత తిప్పుతున్నాడు. ముందు సీట్లో సంచీ ఆయన పక్కవాడికి చెబుతున్నాడు: "రెండు కుప్పలు! నా కండ్లతోని చూసిన!"

"నీకెవరు చెప్పిండ్రన్నా?" అడిగాడు రాజయ్య.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూపించాడు. "గీ సాబే గదా!"

లేచి నిలబడ్డాను. "కుప్ప లేదు, ముసలాయన లేడు. అంతా నేను అల్లిందే."

"ఇప్పుడు అబద్ధమాడుతుండు," అన్నాడు సంచీ ఆయన. "గోళీలన్నీ తనకే కావాల్నని!"

బస్సంతా నవ్వింది. రాజయ్య నవ్వలేదు. మూత బిగించి, డబ్బా నా చేతిలో పెట్టాడు. "రేపు డాక్టరుకు చూపెడదాం బావా. ఆయన తినుమంటేనే తింట." జేబులోంచి డాక్టరిచ్చిన మాత్ర తీసి, నా సీసా నీళ్లతో మింగాడు.

మూలికలతో కొందరికి మంట తగ్గుతుందేమో, కాదనను. మీరూ ఆ దుకాణానికి పోతే పోండి. లోపల ఏముందో తెలియని గోళీ మాత్రం డాక్టరును అడగకుండా మింగకండి.

ఘుగ్గుస్‌లో దిగుతుంటే కండక్టరు నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో మెల్లగా అడిగాడు.

"సాబ్, ఆ ముసలాయన ఇల్లు ఎక్కడ?"